కాకి దగ్గర మొక్కులు

మహారాష్ట్రలోని వాయి ఊళ్ళో, కృష్ణ ఒడ్డు మెట్ల మీద పిండాలు, పెరుగన్నం పెట్టి అందరూ వెనక్కి జరిగారు. ఇక కాకి రావాలి. అది ముట్టుకుంటే పోయినవారికి తృప్తి. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిందన్నమాట. అదేమిటో ఊహించి, తీరుస్తామని పైకి మాటివ్వాలి. మాట విని కాకి ముట్టిందా, ఆ మాటకు తిరుగులేదు.

అత్తగారు ఇందిరాబాయి పోయి అది పదో రోజు. పెద్దకోడలు సులభ ఒక పక్కగా నిలబడి, త్వరగా తిని పోవే తల్లీ అని కాకిని మనసులోనే బతిమాలుకుంటోంది. ఆమెకున్న ఆశ చాలా చిన్నది. రేపటి నుంచి ఎండ మొహాన పడేదాకా పడుకోవాలి. అత్తగారి తుంటి విరిగినప్పటి నుంచి చీకటితో లేవడం, మడినీళ్ళు, చన్నీళ్ళ స్నానం, గదినిండా ఉన్న దేవుళ్ళ సేవ అన్నీ ఆమెవే అయ్యాయి.

కాకులకేం కొదవలేదు. ఎదురు గోడ మీద అలిగిన మగపెళ్ళివారిలా బారుగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగదు.

"ఆవిడ మనసులో ఏదో ఉంది. అడగండి," అన్నారు కర్మ చేయిస్తున్న గురూజీ.

సులభ భర్త మిలింద్ చేతులు జోడించాడు. "ఆయీ, నీ దేవుళ్ళ గురించేనా బెంగ? తెల్లవారకముందే మడికట్టుకుని అభిషేకం, నైవేద్యం. నువ్వున్నప్పుడు ఎలాగో అలాగే. ఒక్కపూట మానం."

సులభ గుండె జారి నదిలో పడింది. మిలింద్ కళ్ళు తెరిచేసరికి పాలు కాగి, చల్లారి, మీగడ కూడా కట్టేస్తుంది. ఇక ఆ 'మానం'లో ఉన్నది ఎవరో వేరే చెప్పాలా? అంతలో ఒక కాకి మెడ సాచి, గోడ దిగి, రెండు గెంతులు గెంతింది. సులభ కొంగు గట్టిగా విదిలించింది. కాకి ఎగిరిపోయింది.

"అదేంటి వదినా, వచ్చిన కాకిని తోలేశావ్?" అంది ఆడపడుచు నళిని.

"ఈగ."

"ఈగకి అంత కొంగా?" అని నళిని పిండాల వైపు తిరిగింది. "ఆయీ, గణపతి పండక్కి మోదకాలు బజారువి తెస్తారనేగా నీ భయం? తేరు. కొబ్బరి చేత్తో కోరి, పిండి ఇంట్లో విసిరి, మన వంశం మొత్తానికీ నీ ఇంట్లోనే. సరేనా?"

సులభకు ఆ వంశమంతా వరసగా కళ్ళముందు కూర్చుంది, విస్తళ్ళతో సహా.

మరిది ప్రమోద్ మాత్రం ఎందుకు తగ్గుతాడు? "ఎండాకాలం అప్పడాలు, ఊరగాయలూ ఆయీ. పుణేలో నాకు, నాసిక్‌లో అక్కకి, ఏటేటా డబ్బాలు అందుతాయి. నువ్వు నిశ్చింతగా ఉండు."

"అందుతాయి అంటే ఎవరు పంపుతారు?" అంది సులభ మెల్లగా.

"ఇప్పుడా వదినా ఆ వివరాలు? కాకి వినాలి."

కాకి వినలేదు. గురూజీ దర్భలు చేతిలోకి తీసుకున్నారు. "ఇంకాసేపు చూసి, దర్భతో కాకిని చేసి ముట్టిస్తాను."

నళిని మొహం మాడిపోయింది. "దర్భకాకా? కోడలు సరిగ్గా చూడలేదని ఊరంతా అనరూ?"

దాంతో వేలంపాట మొదలైంది. చాతుర్మాసం నాలుగు నెలలూ ఇంట్లో ఉల్లి, వెల్లుల్లి ఉండవన్నాడు మిలింద్. వచ్చే పోయే అత్తయ్యలందరికీ పూరన్‌పోళీ బొబ్బట్లు తప్పవంది నళిని. పడమటింటి అరుగు రోజూ పేడతో అలుకుతామన్నాడు పుణేలో ఏడో అంతస్తులో ఉండే ప్రమోద్. ఒక్కో మాటకీ గోడ మీద ఒక తల పక్కకి వాలుతోంది. సులభ కొంగు మాత్రం ఆగడంలేదు. పొద్దున్నే ఇన్ని ఈగలేమిటా అని గురూజీ కూడా చుట్టూ చూశారు.

చివరికి ఒక లావుపాటి కాకి కొంగుకు జంకకుండా దిగింది. తనిఖీకి వచ్చిన అధికారిలా నడిచి నడిచి, పెరుగన్నం ముందు నిలబడి, ముక్కు వంచింది.

"ఆగు," అంది సులభ.

కాకి ఆగింది. అందరూ ఆగారు.

సులభ పిండం వైపు చూసి చేతులు జోడించింది. "ఆయీ, మీ మొక్కు మీరెప్పుడూ ఇంకొకరి నెత్తిన పెట్టలేదు. మొక్కు తీర్చడానికి జేజురీ కొండ ఎక్కేటప్పుడు డోలీ తెస్తే, మొక్కింది నా నోరైతే మోసేవాడి కాళ్ళెందుకని మీ అబ్బాయినే తిట్టారు. వీళ్ళన్న మాటలన్నీ అలాగే ఉండనివ్వండి. ఎవరిచ్చిన మాట వాళ్ళే తీరుస్తారు. నేను మాత్రం పొద్దెక్కేదాకా పడుకుంటాను. మీకు సమ్మతమైతే ముట్టండి."

"వదినా," అని నళిని నోరు తెరిచేలోపే కాకి ఒక కంటితో సులభనీ, ఇంకో కంటితో మిగతావాళ్ళనీ చూసి, ముక్కునిండా పెరుగన్నం తీసుకుంది. మరుక్షణం గోడ మొత్తం ఖాళీ అయి, మెట్లు నల్లబడ్డాయి.

"ముట్టింది," అన్నారు గురూజీ, ఉత్తరీయం నోటికి అడ్డం పెట్టుకుని. భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

"గురూజీ, నాకు మోకాళ్ళ నొప్పులు," అంది నళిని. "నేను తిరగలి ముందు కూర్చోలేను."

"కాకి తినేసిందమ్మా. ఇక నా చేతిలో ఏముంది?"

"ఏడో అంతస్తు నుంచి వచ్చి రోజూ అరుగు అలకాలా?" అన్నాడు ప్రమోద్. సులభకు నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. పదో రోజున, మెట్ల మీద, అందరిముందూ నవ్వితే బాగుండదని గబగబా నీళ్ళలోకి దిగి మునక వేసింది. పైకి బుడగలు వచ్చాయి.

తేలేసరికి మిలింద్ ఒడ్డున గొంతుక్కూర్చుని ఉన్నాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"పోనీ, పొద్దున్నే నన్ను లేపుతావా?"

"మిమ్మల్ని లేపాలంటే ముందు నేను లేవాలి కదండీ," అని సులభ మళ్ళీ మునిగింది.