కొసరు బుట్ట

కెంపమ్మ టమేటాలను వేరు చేస్తోంది. గట్టివి వెనక్కి, పండినవి ముందుకు, పగిలినవి పక్కన గోనెపట్టా మీదకు. తమిళనాడు ధర్మపురి రైతుల సంతలో ఇంకా తెల్లారలేదు. ట్యూబులైట్ల కింద సిమెంటు అరుగుల మీద మూటలు విప్పుతున్నారు. గేటు దగ్గర బోర్డు మీద ఎవరో సుద్దముక్కతో ఆనాటి ధరలు రాస్తున్నారు. అన్నీ మామూలే. మామూలు కానిదల్లా ఆమె కట్టుకున్న చీర. ఆకుపచ్చది, అంచు ఇంకా బిరుసు పోలేదు. నిరుడు తోట ఆసామి కృష్ణప్ప కర్మలయ్యాక ఆయన భార్య సరసమ్మ ఇచ్చింది. ఇన్నాళ్ళూ పెట్టెలో దాచి, ఇవాళ ఫోటో తీస్తారని కట్టింది.

ఆ ఫోటో కథ తెలియాలంటే కాస్త వెనక్కి పోవాలి. ఈ సంతలో కూర్చోవాలంటే రైతు కార్డు ఉండాలి. అందులో రైతు, అతని ఇంటివాళ్ళు మాత్రమే ఉంటారు. కూలీలకూ దళారులకూ చోటు లేదు. దగ్గర్లోని ఇండూరు పల్లెలో కృష్ణప్పకు బావి కింద తోట ఉంది. కెంపమ్మ ఆ తోటలో కూలిమనిషి. పెళ్ళై ఊళ్ళోకి వచ్చిన ఏడే అక్కడ కొడవలి పట్టింది. మొగుడు వీరన్ బెంగుళూరులో మేడ కట్టేచోట పైనుంచి పడి చనిపోయాడు. కూతురు వళ్ళిని పిక్కిలి అనే ఊళ్ళో ఇచ్చింది. ఇక మిగిలింది తోటే.

మొదట్లో సంతకు సరసమ్మే వచ్చేది. ఆమెకు మోకాళ్ళు పట్టేశాక కృష్ణప్ప ఒక్కడే కూర్చున్నాడు. పాపం, ఆయన నోట్లో నాలుక లేని మనిషి. బేరం వస్తే తల గోక్కునేవాడు. గతిలేక కెంపమ్మను వెంటబెట్టుకొచ్చాడు. గేటు దగ్గర "ఈమె ఎవరు?" అని అడిగేసరికి కంగారుపడి, "మా అక్క" అనేశాడు.

అంతే, ఆ మాట అక్కడ పాతుకుపోయింది. ఊళ్ళో "ఏమే కెంపీ" అనే మనిషి సంతలో "అక్కా, చిల్లర ఉండాదా?" అనేవాడు. ఊళ్ళో ఆమె గ్లాసు పశువుల కొట్టం గోడ మీద వేరుగా ఉండేది. సంతలో ఒక్క టీ తెప్పించి ఇద్దరూ చెరిసగం తాగేవారు. మొదటిరోజు ఆమెకు కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. రానురాను, మీరు నవ్వినా సరే, ఆ పిలుపు కోసమే చీకటితో లేచేది. మధ్యాహ్నం ఇండూరులో బస్సు దిగితే మళ్ళీ కెంపీనే. దానికేం బాధపడేది కాదు. తెల్లవారితే సంత ఉంది కదా!

ఇప్పుడు కార్డు కృష్ణప్ప కొడుకు ధర్మేంద్ర పేరుకు మారుతోంది. కార్డులో ఉండేవాళ్ళందరికీ ఇవాళ ఫోటో.

"అత్తా, తూకం మిషను తెచ్చినాను" అన్నాడు ధర్మేంద్ర. ముప్పై ఏళ్ళవాడు, తండ్రి పోలికే, మాట మాత్రం కాస్త చురుకు.

"అట్ట పెట్టు నాయనా. తడి తగలనీవద్దు."

ఊళ్ళో అతను చిన్నయ్య. సంతలో నాయన.

ఆమె తన బుట్ట విప్పింది. చిన్న ఈతాకుల బుట్ట, పైన తడిగుడ్డ. లోపల కరివేపాకు, నాలుగు పచ్చిమిరపకాయలు. ఇది కృష్ణప్ప తోటది కాదు. తన ఇంటి వెనక, అంట్లు కడిగిన నీళ్ళు తాగి పెరిగిన చెట్టుది. తూకం అయిపోయి, కొన్నవాళ్ళు డబ్బులు తీసే సందులో ఒక రెమ్మ వాళ్ళ సంచిలో పడేస్తుంది. ముందే వేస్తే అదీ తూకంలో కలిసిందనుకుంటారట. "నా వంకాయలెవురికి కావల అక్కా, అందురూ నీ కొసరుకే వస్తా ఉండారు" అని కృష్ణప్ప ఏడిపించేవాడు.

రాత్రి డ్యూటీ దిగి వస్తున్న నర్సు తిలగవతి అరుగు ముందు ఆగింది. ఆమెది అరవం, కెంపమ్మ సంతలో మాట్లాడేదీ అరవమే.

"ఏంటక్కా, పెళ్ళికూతురిలా ఉన్నావు?"

"కార్డుకు ఫోటో తీస్తారంట తల్లీ" అంది కెంపమ్మ, సిగ్గూ సంతోషమూ దాచుకోలేక.

"ఒక చుట్టు తిరిగొస్తా. నాకు అనపకాయలు తీసిపెట్టు."

కాసేపటికి వేల్మురుగన్ సెల్‌ఫోను పట్టుకుని వచ్చాడు. సంత ఆఫీసు మనిషి, ఈ మధ్యే వచ్చాడు. ధర్మేంద్రను నిలబెట్టి ఫోటో తీశాడు. "మీ అమ్మది ఆఫీసులో ఇవ్వు. ఈమె?" అని అడిగాడు.

కెంపమ్మ లేచి పైట సర్దుకుని, ఫోనుకేసి చూస్తూ నిలబడింది.

ధర్మేంద్ర టమేటాల వంక చూశాడు. "మా చేన్లో పనికొస్తుంది సార్."

"కూలీలు కూర్చోకూడదు, తెలుసుగా? ఇవాళ్టికి కానివ్వు. రేపటి నుంచి ఇంటివాళ్ళు రావాలి" అని వేల్మురుగన్ పక్క అరుగుకు వెళ్ళాడు. అరవడమూ లేదు, కోపమూ లేదు.

కెంపమ్మ ఇంకా నిలబడే ఉంది.

"అమ్మ వద్దన్నాది" అన్నాడు ధర్మేంద్ర గొంతు తగ్గించి. "కాగితంలో అత్త అని రాస్తే రేపు భూమిలో పాలడగతారు అన్నాది. నేనేం చేసేది చెప్పు? తోటలో పని నీకు ఎప్పుడూ ఉండాది."

భూమి అడగడం కెంపమ్మకు కలలోనైనా తోచలేదు. కృష్ణప్ప అక్క అని ఒక్క ముక్క ఎక్కడో రాసి ఉంటే చాలనుకుంది. రాసినా ఆమె చదవలేదు, అది వేరే సంగతి.

"మీ భూమి నాకేటికి నాయ..." అని ఆగింది. ఆ మాట మింగి, మళ్ళీ అంది: "మీ భూమి నాకేటికి చిన్నయ్యా."

సంతలో ఆ పిలుపు అతనెప్పుడూ వినలేదు. తలెత్తాడు. ఆమె అప్పటికే అరుగు దిగింది. గేటు దాటి, ఆడవాళ్ళకు టికెట్టు లేని టౌను బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుంది. ఇండూరు వచ్చేదాకా పచ్చచీర కొంగు చేత్తో సాపు చేస్తూనే ఉంది.

ఎండ అరుగు మీదకు వచ్చాక తిలగవతి తిరిగొచ్చింది.

"అక్క ఏది?"

"ఊరికి పోయింది" అన్నాడు ధర్మేంద్ర.

అనపకాయలు తూచి ఆమె సంచిలో పోశాడు. ఆమె డబ్బు ఇచ్చింది. కదలలేదు. సంచి నోరు తెరిచి పట్టుకునే ఉంది.

"ఇంకేం కావాలి?"

"కరివేపాకు. అక్క ఇస్తుంది కదా."

అతను కెంపమ్మ వదిలిపోయిన బుట్టలోంచి ఒక రెమ్మ తీసి, అలవాటుగా తూకం మిషను మీద పెట్టాడు.

"దీనికెంత?" అంది తిలగవతి, ఆశ్చర్యంగా.

ధర్మేంద్ర గేటు దగ్గర ధరల బోర్డు వైపు చూశాడు, బుట్ట వైపు చూశాడు. సిమెంటు అరుగు మూల ఆ ఈతాకుల బుట్ట, తడిగుడ్డ ఒక పక్కకు తొలగి, ఇంకా నిండుగానే ఉంది.