వద్దన్నది ఎవరు

షాకీర్ చేరిన బెంగుళూరు కంపెనీకి ఒక పట్టుదల ఉంది. తాము అమ్మే సాఫ్ట్‌వేరు చప్పుడు లేకుండా దిగాలి. కంప్యూటరు ముందు మనిషి ఉండకూడదు. ఎక్కడ పెట్టాలి, ఏ పేరు పెట్టాలి అని అది ఎవరినీ అడగకూడదు. బెంగుళూరులో షాకీర్ పైఅధికారి శశికుమార్ ఒక మీట నొక్కితే, ధర్మవరంలోని అన్ని కంప్యూటర్లలోకీ అది తనంతట తాను దిగి కూర్చోవాలి.

ఆ పరీక్షకు గంగాధరప్ప పట్టుచీరల దుకాణం దొరికింది. అక్కడ దిగితే షాకీర్ ఉద్యోగం ఖాయం. శుక్రవారం లోపల దిగకపోతే శనివారం నుంచి మామ దాదాపీర్ ఆటోలో చీరల మూటలు ఎత్తడమే. ఈ మాట దాదాపీరే అన్నాడు, కాస్త సంతోషంగా కూడా అన్నాడు. ఆటోకు తోడు మనిషి కావాలని ఆయనకు చాలా రోజులుగా ఉంది.

అది దిగలేదు.

రోజూ మధ్యాహ్నం దుకాణంలో అందరూ వెనక గదిలో సంగటి ముద్దల ముందు కూర్చున్నాక శశికుమార్ మీట నొక్కేవాడు. సాఫ్ట్‌వేరు ధర్మవరం దాకా వచ్చేది. కొంచెం దిగేది. దిగినట్టే దిగి వెనక్కు తిరిగి పోయేది. పోతూ పోతూ ఎందుకు పోతున్నదీ ఒక ముక్క రాసి పోయేది. ఏ కంప్యూటరులో చూసినా అదే ముక్క. వాడుతున్న మనిషి వద్దన్నాడు.

"ఎవరప్పా వద్దన్నది?" అని శశికుమార్ ఫోనులో అడిగాడు. అతనిది హిందూపురం. బెంగుళూరు పోయి పెద్దవాడయ్యాడు గానీ మాట మారలేదు.

"ఎవరూ అనలేదు సార్. ఆ పొద్దుకి అందరూ తినేకి పోయింటారు."

"మరి కంప్యూటరు అబద్ధం చెప్తాదా?"

షాకీర్ దుకాణానికి ఫోను చేసి, రేపు వస్తున్నానని చెప్పి, మరుసటి రోజు అనంతపురంలో బస్సెక్కాడు.

ఎప్పుడు పోయినా ముందు చెప్పి పోవడం షాకీర్ పద్ధతి. గంగాధరప్ప అంతకన్నా మర్యాదస్తుడు. మనిషి వస్తున్నాడంటే వాకిట్లో నీళ్లు చల్లించేవాడు. బోరు ఎండి ట్యాంకరుకు కాచుకున్న రోజు కూడా ఆ చెంబెడు నీళ్లు చల్లవలసిందే. బల్లలన్నీ తుడిపించి, ఆకు వక్క తట్ట పెట్టించి, తానే గడప దగ్గర నిలబడేవాడు.

దుకాణం అంతా ఒకటే హాలు. ముందు చీరలు పరిచే పరుపులు, వెనక గోడవారగా కంప్యూటర్ల బల్లలు. ఒక అల్మరాలో పాత ఇత్తడి తూకపు రాళ్లు నిగనిగలాడుతూ వరసగా ఉన్నాయి. పట్టు, జరీ తూచడానికి కరెంటు తక్కెడ వచ్చింది కాబట్టి వాటికిక పని ఉండదని షాకీర్ అనుకున్నాడు.

మధ్యాహ్నం అందరూ తినడానికి లేచారు. షాకీర్‌కు మాత్రం సంగటి తట్ట బల్ల దగ్గరికే వచ్చింది. బిల్లులు రాసే వనజాక్షి తెచ్చింది.

"ఊరిబిండి పచ్చడి కారమైతే చెప్పన్నా, నెయ్యి వేస్తా" అంది.

అతను ఒక చేత్తో తింటూ కూర్చున్నాడు. శశికుమార్ మీట నొక్కాడు. సాఫ్ట్‌వేరు వచ్చింది, దిగింది, అన్ని కంప్యూటర్లలోనూ కుదురుగా కూర్చుంది. ఎవరూ వద్దనలేదు.

"నువ్వు యాడుండావు?" అన్నాడు శశికుమార్.

"కంప్యూటర్ల ముందరే సార్."

"అయితే చెల్లదు. మనిషి పక్కనుంటే యాడైనా దిగుతాది. లేనప్పుడు దిగల్ల." అని, దిగినదాన్నంతా తీసేశాడు.

షాకీర్ ఊరు చేరిన మరుసటి మధ్యాహ్నానికి పని మళ్లీ మొదటికి వచ్చింది. వాడుతున్న మనిషి వద్దన్నాడు.

అతను వైరస్సులను పట్టేదాన్ని ఆపించి చూశాడు. తీగలు మార్పించాడు. కరెంటు పోతోందేమో కనుక్కున్నాడు, పోలేదు. ఇంకోసారి ఫోను చేసి పోయాడు. వాకిట్లో నీళ్లు, తట్టలో ఆకు వక్క, గడప దగ్గర గంగాధరప్ప. అతను కూర్చున్నంతసేపూ దిగింది. అతను లేచి పోయాక వద్దంది.

మూడోసారికి గంగాధరప్ప అందరినీ పరుపు మీద వరసగా నిలబెట్టాడు.

"వద్దన్నోళ్లు ముందుకు రాండి. నేనేమీ అనను."

ఎవరూ రాలేదు. వనజాక్షి వాళ్లింటి మగ్గం మీద ఒట్టేసింది. సరుకు చూసే ఓబిలేష్ నొచ్చుకున్నాడు.

"వద్దనే రకమా అన్నా నేను? వెనక గదిలో అన్నం పెట్టేటప్పుడు వచ్చి చూడు. దేనికీ వద్దనను."

అది నిజమేనని అందరూ ఒప్పుకున్నారు.

అప్పుడు గంగాధరప్ప షాకీర్‌ను పక్కకు పిలిచాడు. "అబ్బీ, వద్దంటాండేది మనుషులు కాదు. కంప్యూటర్లే. నువ్వుంటే ఒప్పుకుంటాండాయి, నువ్వు బస్సెక్కితే వద్దంటాండాయి. నీకు అలవాటు పడినాయి. మా ఇంట్లో ఒక మగ్గం ఉండాది. నేను కూర్చుంటే నేస్తాది, నా తమ్ముడు కూర్చుంటే పోగు తెంపుతాది."

"అట్ల ఉండదు పెద్దాయనా."

"మరి ఎట్ల ఉంటాదో నువ్వు చెప్పు."

షాకీర్ నమస్కారం పెట్టి ఇంటికి వచ్చాడు.

శుక్రవారం వచ్చింది. ఆ రోజు షాకీర్ ధర్మవరం పోలేదు. పోతే చెల్లదు, పోకపోతే దిగదు. భార్య షాహిస్తా జొన్నరొట్టె వేసి ముందు పెడితే తుంచుతూ కూర్చున్నాడు, తినడం లేదు. ఆమె ఫోను మోగింది. వాళ్ల నాయన దాదాపీర్. ఆమె విని విని, ఫోను చెవి నుంచి తీసి మొగుడి వైపు చూసింది.

"మా నాయన ఏడుస్తాండాడు. నువ్వు చచ్చిపోయినావంట."

"ఎవరు చెప్పినారు?"

"ఫోటోకు దండేసినారంట. గంగాధరప్ప దుకాణంలో."

షాకీర్ ఫోను తీసుకున్నాడు. "మామా, నేనుండా. రొట్టె తింటాండా."

అవతల చాలాసేపు ముక్కు చీదిన చప్పుడు. "మరి ఊదొత్తులు కూడా పెట్టినారే! నేను మూటలు ఎత్తుకునేకి పోతి. గోడ మీద నువ్వు. నల్లద్దాలు పెట్టుకోని నవ్వుతాండావు. నేను ఆడే కూలబడితి. అందరికీ చెప్పేస్తి గదప్పా!"

"అందరికీ అంటే?"

"మార్కెట్ అంతా."

షాహిస్తా రొట్టె తట్ట తీసేసింది. "పో. ఇప్పుడే పోయి దాన్ని తీయించు. నువ్వు పోకుంటే నేను పోతా. నేను పోతే వాళ్లకు బాగుండదు."

అతను లేచి బస్సెక్కాడు. ఆ రోజు మాత్రం ఫోను చేయలేదు.

ధర్మవరం బస్టాండు దగ్గర టీ కొట్టు లింగప్ప అతన్ని చూసి చేతిలో గ్లాసు కింద పెట్టాడు. "అచ్చం నీ మాదిరే ఉండే పిల్లోడప్పా. ఈ పొద్దు పోయినాడంట, పాపం. నీకేమైనా అయితాడా?"

షాకీర్‌కు నిలబడి చెప్పే ఓపిక లేదు. "దగ్గరోడే" అని ముందుకు నడిచాడు.

దుకాణం తలుపు బార్లా తెరిచి ఉంది. వాకిట్లో నీళ్లు లేవు. గడప దగ్గర గంగాధరప్ప లేడు. అందరూ వెనక గదిలో తింటున్నారు. హాల్లో గోడ మీద, కంప్యూటర్లకు ఎదురుగా, షాకీర్ నల్లద్దాలతో నవ్వుతున్నాడు. వాట్సాప్‌లో అతను పెట్టుకున్న బొమ్మే. స్టూడియోలో పెద్దది చేయించారు. చామంతి దండ వేశారు. కింద ఊదొత్తులు సగం కాలి ఉన్నాయి.

తన ఫోటో ముందు ఎంతసేపు నిలబడాలో అతనికి తెలియలేదు. తల తిప్పుకున్నాడు. అప్పుడు బల్లలు కనిపించాయి.

ప్రతి కీబోర్డు మీదా ఒక ఇత్తడి తూకపు రాయి ఉంది. ఎడమ చేతి పక్క, పై మూల, ఎస్కేప్ అనే మీట మీద. ఒక్కటీ పక్కకు జరగలేదు. అవి అక్కడ పుట్టి పెరిగినట్టు కూర్చున్నాయి.

అదే సమయానికి బెంగుళూరులో శశికుమార్ మీట నొక్కినట్టున్నాడు. అన్ని తెరల మీదా ఒక చిన్న కిటికీ ఒక్కసారిగా తెరుచుకుంది. దాన్ని వద్దనాలంటే ఎస్కేప్ మీట నొక్కితే చాలు. రాళ్లు దాన్ని నొక్కే ఉన్నాయి. కిటికీ మూసుకుంది. అన్నిట్లోనూ ఒకేసారి మూసుకుంది.

గంగాధరప్ప చెయ్యి తుడుచుకుంటూ బయటికి వచ్చి అదిరిపడ్డాడు. "అయ్యయ్యో! ఫోను చేయకుండా వస్తివే! బల్లలు కూడా సర్దలేదే!" అంటూ మంచం మీది మాసిన బట్టలు తీసినంత తొందరగా రాళ్లు ఎత్తబోయాడు. షాకీర్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"పెద్దాయనా, ఇవి రోజూ ఉంటాయా?"

"రోజూ ఉంటాయి. నువ్వొస్తాండావంటే తీస్తాం. మనిషి ఇంటికొస్తే బల్ల మీద రాళ్లు పెట్టుకోని మాట్లాడతామా? మర్యాదేనా అది?"

"ఎందుకు పెడతాండారు?"

గంగాధరప్ప అతన్ని జాలిగా చూశాడు. "తలుపు తీసుండంగ దుకాణంలో దీపం ఆరకూడదు. మా తాత కాలం నుంచి ఉండాది ఈ మాట. ఈ కంప్యూటర్లు కొంచేపు ముట్టుకోకుంటే నల్లగా అయిపోతాండాయి. మేము తినేకి పోతిమా, అన్నీ ఆరిపోతాండాయి. వచ్చిన బేరగాడు గడప కాడ్నే నిలబడి వెనక్కి పోతాడు. ఒక మీట మీద రాయి పెడితే ఆరలేదు."

వనజాక్షి వెనక నుంచి అందుకుంది. "మొదట్లో ఇంకో మీట మీద పెడితిమి అన్నా. మేము తినొచ్చేలోపల బిల్లులో హిందూపురం ఆయమ్మ పేరు వెనక ఒకే అక్షరం పేజీలు పేజీలు పోయింది. అన్ని మీటలూ చూసినాం. ఏమీ చేయనిది ఈ మూలదొక్కటే."

షాకీర్ పరుపు మీద కూర్చున్నాడు. నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. ఫోను తీసి, ఇంకొక్కసారి మీట నొక్కమని శశికుమార్‌ను బతిమాలాడు.

"నొక్కుతా. కానీ లోపల ఎవరూ ఉండకూడదు. నువ్వసలే ఉండకూడదు. ఇంక దేన్నీ ముట్టుకోవద్దు."

"రాళ్లు మాత్రం తీస్తా సార్."

"ఏం రాళ్లు?"

"తర్వాత చెప్తా."

రాళ్లు అల్మరాలోకి పోయాయి. అంతలో గంగాధరప్ప అడ్డం తిరిగాడు. రాళ్లు తీస్తే తెరలు ఆరతాయి. తలుపు తీసి ఉండగా ఆరకూడదు. ఇందులో ఆయనతో వాదించి లాభం లేదు.

"అయితే తలుపు వేద్దాం" అన్నాడు షాకీర్.

శ్రావణం ముందర, శుక్రవారం పూట, పట్టపగలు గంగాధరప్ప దుకాణం తలుపు వేశారు. అందరూ బయటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. వేడి గాలి దుమ్మును తెచ్చి అందరి మీదా సమంగా పోసింది.

మార్కెట్‌కు ఉదయమే కబురు తెలుసు. ఇప్పుడు దుకాణం మూయడం కూడా చూసింది. దానితో ఉన్న కాస్త అనుమానం తీరిపోయింది. ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. తలగుడ్డలు తీసి చేత పట్టుకున్నారు. అరుగు మీద ఇరుకు చేసుకుని కూర్చున్నారు. జరీ వ్యాపారి ఒకాయన షాకీర్ పక్కనే సర్దుకున్నాడు.

"చిన్న వయసంట కదప్పా?"

"అవునన్నా" అన్నాడు షాకీర్. అతని చూపంతా ఫోను మీద ఉంది.

"ఏమైంది?"

"కంప్యూటర్లు పడలేదు" అన్నాడు ఓబిలేష్.

ఆయన నాలుక చప్పరించాడు. దాదాపీర్ ఆటో వచ్చి ఆగింది. ఆయన దిగి, అల్లుణ్ణి భుజాల నుంచి చేతుల దాకా తడిమి చూసి, ప్రాణంతో ఉన్నట్టు తేలాక మళ్లీ ఏడ్చాడు. అది చూసి వచ్చినవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు.

ఫోను మోగింది.

"దిగింది" అన్నాడు శశికుమార్. "అన్నిట్లోనూ దిగింది. నువ్వు యాడుండావు?"

"వీధిలో సార్."

"అయితే చెల్లుతాది. ఉద్యోగం నీదే పో. సరే గానీ, పైవాళ్లకు చెప్పల్ల. వద్దన్నది ఎవరో తెలిసిందా?"

"తూకపు రాళ్లు సార్. ఇత్తడివి."

"వాడుతున్న మనిషి అని ఉండాదే?"

"రాయిని మనిషే అనుకునింది సార్. కదలకుండా కూర్చునింటే దానికి తేడా తెలీలేదు."

తలుపు తీశారు. తెరలన్నీ నల్లగా ఉన్నాయి. గంగాధరప్ప ముఖం మాడింది. ఆయన చెయ్యి దానంతట అదే అల్మరా వైపు పోయింది. షాకీర్ గబగబా ఒక్కో కంప్యూటరు ముందూ కూర్చుని, తెర ఎప్పటికీ ఆరకుండా లోపలే చెప్పిపెట్టాడు. మీట ముట్టుకోకపోయినా అవి వెలుగుతూనే ఉన్నాయి.

గంగాధరప్ప వాటిని అటు నుంచి ఇటు చూశాడు. "ఇంత సులువైన పని నీకొచ్చని ఎప్పుడన్నా చెప్పినావా?"

"మీరు అడగలేదు కదా పెద్దాయనా."

"నువ్వొస్తే రాళ్లు తీసేస్తాంటిమి. ఇంక అడిగేకి ఏముంటాది?"

షాకీర్ ఫోటో ఇమ్మని అడిగాడు. గంగాధరప్ప ఒప్పుకోలేదు, కంప్యూటర్లకు షాకీర్ ఎదురుగా ఉన్నట్టే ఉంటుందని దండ వేసి పెట్టిన ఫోటో అది, పెట్టినాకే కదా దిగిందని. షాహిస్తా వస్తానందని చెబితే ఇచ్చేశాడు. దండ మాత్రం తీసి షాకీర్ మెడలో వేశాడు.

"మొదట్నే ఈడ వేసింటే నాకు ఇంత ఏడుపు ఉండకపోవును" అన్నాడు దాదాపీర్. అల్లుణ్ణి ఆటోలో కూర్చోబెట్టుకుని బస్టాండుకు తోలాడు. తోడు మనిషి ఇక రాడని ఆయనకు దారిలో గుర్తొచ్చి, ఇంకోసారి ముక్కు చీదాడు.

టీ కొట్టు ముందు ఆటో నెమ్మదించింది. మెడలో దండ, ఒళ్లో ఫోటో పెట్టుకుని పోతున్న మనిషిని చూసి లింగప్ప చేతులు జోడించాడు. పక్కన టీ తాగేవాళ్లతో మెల్లగా అన్నాడు.

"చెప్తి కదా, దగ్గరోడంట. ఫోటో తీసుకోని పోతాండాడు, పాపం."