తాడుకు అవతల ఉప్పు

సోమనర్సయ్య నాకా ముందు తాడు కట్టి, గట్టిగా లాగి చూశాడు. ఒంటి మీద గొంగడి ఉంది, జ్వరం ఇంకా దిగలేదు. అయినా తాడు కట్టకుండా ఏనాడూ పొద్దు పొడవలేదు.

మహదేవపూర్ దాటాక గోదావరి రేవులో ఉన్న కరోడ్‌గిరి నాకా అది. అవతలి గట్టు నుంచి పడవలో దిగిన సరుకుకు అమీను సుంకం తీసుకొని ముద్ర వేస్తాడు. అప్పుడు సోమనర్సయ్య తాడు దించుతాడు. నిజాం పోయినా తాడు పోలేదు.

ఆ రోజు హర్తాళ్. ఇక్కడి ముల్కీల నౌకరీలు బయటివాళ్లకు పోతున్నాయని ఊళ్లన్నీ మూతపడ్డాయి. అమీను రాలేదు. సోమనర్సయ్య కొడుకు సోమేశ్వర్ మాత్రం వచ్చి, ఎవరూ తెరవకుండా నాకా ముందు కూర్చున్నాడు. అతనికి రావలసిన గుమస్తా పని దొంగ ముల్కీ కాగితం తెచ్చినవాడికి పోయింది.

మబ్బు కమ్మేసరికి లంబాడి మంగ్యా ఉప్పు బస్తాలు పడవ దిగి, తాడుకు అవతల ఇసుకలో ఉన్నాయి. అతని ఎడ్లు తాడుకు ఇవతల, ఊరి వైపు కాచుకొని ఉన్నాయి.

"నర్సన్నా, జర తాడు దించు. ఉప్పు గంగల కలిస్తే నా పిల్లలకు గంగ బువ్వ వెడుతదా?"

"ముద్ర లేంది దించితే దొంగ సరుకైతదిరా."

"దించకు బాపూ," అన్నాడు సోమేశ్వర్. "హర్తాళ్ చెడగొట్టింది నర్సయ్య కొడుకే అంటరు. నౌకరి పాయె, మొఖం గూడ పోవాల్నా?"

చినుకు పడింది. సోమనర్సయ్య తాడు విప్పాడు. ఇద్దరూ నోరు తెరిచి చూస్తుండగా దాన్ని నాకా కొట్టం వెనక్కి తీసుకుపోయి కట్టాడు.

"గిప్పుడు కొట్టం గంగ దిక్కే. బస్తాలు అండ్ల వెట్టుకో. తాడు దాటలే, నాకా తెరవలే."

"నీదేం ఖానూన్ బాపూ!" సోమేశ్వర్ నవ్వాడు. నవ్వుతూనే బస్తాకు భుజం పట్టాడు.

కొట్టం నిండింది. మనిషికి చోటు మిగల్లేదు.

"నువ్వెక్కడ కూసుంటవన్నా?"

"నాది సర్కారు ఒళ్లురా. కరగదు."

ఆయన తాడు పక్కన గుంజకు ఆనుకొని కూర్చున్నాడు. వాన ముదిరింది. ఊళ్లోకి రమ్మని కొడుకు ఎంత పిలిచినా కదలలేదు. సరుకు లోపలుండగా కావలి విడవలేనన్నాడు.

వాన వెలిశాక, పొద్దు గూకకముందే సోమేశ్వర్ వేడి జొన్న గటక తెచ్చాడు. "బాపూ" అన్నాడు. గోదావరి వైపు చూస్తున్న కళ్లు కదలలేదు. మంగ్యా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తలపాగా తీసేశాడు.

ఉప్పు తడవలేదు. కప్పు మీది గూన పగిలి కారుతున్నచోట, బస్తాల మీద, సోమనర్సయ్య గొంగడి నాలుగు మడతలు వేసి పరిచి ఉంది.