మూడు తాళ్ళు, ఒక కొక్కెం

లిఫ్టులు బాగుచేసే మనిషికి అనుమానం ఎక్కువ. ఉండాలి కూడా. ఒక్క తాడు చాలే చోట నాలుగు వేయిస్తాడు, బ్రేకు మీద బ్రేకు పెట్టిస్తాడు, అన్నీ సరిచూసుకున్నాక తను మాత్రం మెట్లు దిగి వెళ్తాడు. మన లిఫ్టాయన కూడా ఆ బాపతే. వీధి తలుపుకు తాళం వేసి, లాగి చూసి, మలుపు దాకా నడిచి, వెనక్కొచ్చి మళ్ళీ లాగి చూసే రకం. అలాంటి మనిషి చేతిలో ఈ పని జరగడమే విచిత్రం.

ఆయన భార్య ఈత టీచరు. ఆవిడ కొలనుకు ఈ చివర నిలబడి గొంతెత్తితే, ఆ చివర నీళ్ళలో మునిగి ఉన్న పిల్లలు కూడా కాళ్ళు సరిగ్గా ఆడించేవారు. ఆ గొంతులోనే రాచపుండు లేచింది. ప్రాణం నిలవాలంటే స్వరపేటిక తీసెయ్యాలని డాక్టర్లు చెప్పారు. "తీసెయ్యండి. కానీ పిల్లల పోటీలు అయ్యాకే" అంది ఆవిడ. డాక్టర్లు ఒప్పుకోలేదు. జీవితంలో ఆవిడ మాట నెగ్గకపోవడం అదే మొదటిసారి.

ఆస్పత్రిలో మాట పోయినవాళ్ళకు శిక్షణ ఇచ్చే ఒక అమ్మాయి ఉంది. ఆపరేషన్‌కు ముందే గొంతు రికార్డు చేసి పెట్టుకోమని ఆ అమ్మాయే చెప్పింది. తర్వాత పలకలాంటి ఒక యంత్రం ఇస్తారట. దాని మీద ఏది టైపు చేస్తే అది ఆవిడ గొంతుతోనే పలుకుతుందట. రికార్డు లేకపోతే యంత్రంతో పాటు వచ్చే గొంతుతో సర్దుకోవాలి. అదెలా ఉంటుందో వినిపించింది కూడా. బ్యాంకులో టోకెన్ నంబరు పిలిచే గొంతు.

"ఆ గొంతుతో పిల్లల్ని దూకమంటే ఒక్కడూ దూకడు" అంది ఈత టీచరు.

రికార్డింగు పని లిఫ్టాయన నెత్తిన వేసుకున్నాడు. ఇంట్లో ఒక పాత లాప్‌టాప్ ఉంది. కీలు విరిగి, గోడకు ఆనిస్తే తప్ప తెర నిలబడదు. బావమరిది కొత్తది కొనమంటే, "కొత్తదానికి అనుభవం ఉండదోయ్" అన్నాడు. చప్పుడు రాకుండా బట్టల బీరువా ముందు కుర్చీ వేసి, భార్య తలను చీరల మధ్య పెట్టించాడు. ఆస్పత్రి అమ్మాయి ఇచ్చిన వాక్యాలన్నీ ఆవిడ ఆ చీరలకే చెప్పింది. "నాకు దాహంగా ఉంది." "ఈరోజు ఎండ బాగా కాస్తోంది." "మీరంతా క్షేమమా?" పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ నోట అంత మర్యాద ఆయన ఎప్పుడూ వినలేదు.

మధ్యలో ఈయన కుర్చీ కిర్రుమన్నా, ఆవిడ దగ్గినా, ఈయన మీద విసుక్కున్నా ఆ ముక్క పనికిరాదు. అలాంటివన్నీ చెత్త కింద తీసిపారేశాడు. బాగున్నవాటిని ‘భద్రం’ అనే ఫోల్డర్‌లో పెట్టాడు. అనుమానప్పక్షి కదా, వాటికి ఒక కాపీ తీసి ‘మరీ భద్రం’లో పెట్టాడు. ఆ రాత్రి నిద్రపట్టక లేచి ఇంకో కాపీ తీసి ‘అన్నిటికన్నా భద్రం’లో పెట్టాడు. ఒక తాడు తెగితే ఇంకోటి, అదీ తెగితే మరోటి. హాయిగా పడుకున్నాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆవిడ ఇప్పుడు మెడ దగ్గర పెట్టిన రంధ్రంతో ఊపిరి పీలుస్తుంది. గాలి నోటి దాకా రాదు కాబట్టి మాటే కాదు, ఈల ఊదడం కూడా కుదరదు. మెడలో ఈల మాత్రం అలాగే వేసుకుంటుంది. ఇంట్లో చప్పట్లతో కాపురం నడుస్తోంది. ఒక చప్పట కొడితే రమ్మని, రెండు కొడితే ఏం చేశావని. ముఖ్యమైన సంగతులకు ఒక తెల్ల పలక, మార్కరు.

ఆపరేషన్ గాయం మానింది, యంత్రం వచ్చింది. రికార్డులు తెచ్చివ్వమని ఆస్పత్రి అమ్మాయి ఫోన్ చేసింది. లిఫ్టాయన లాప్‌టాప్‌ను గోడకు ఆనించి మీట నొక్కాడు. తెర నల్లగానే ఉంది. లోపల టక్, టక్, టక్. కాసేపు ఆగి మళ్ళీ టక్, టక్, టక్. ఆయనకు ఆ చప్పుడు తెలుసు. అంతస్తు దొరకని లిఫ్టు పైకి పోయి, అందక, కిందికొచ్చి, మళ్ళీ పైకి పోయే చప్పుడు.

మూడు తాళ్ళూ ఒకే కొక్కేనికి కట్టానని అప్పుడు తెలిసింది. మూడు ఫోల్డర్లూ ఆ ఒక్క హార్డ్ డిస్కులోనే ఉన్నాయి.

ఆవిడ కొలనుకు వెళ్ళి ఉంది. బావమరిదికి ఫోన్ చేశాడు. అతనికి ఏమీ తెలియదుగానీ సలహాకు లోటుండదు.

"ఫ్రిజ్‌లో పెట్టు బావా. చల్లబడితే ఒక్కసారి పనిచేస్తుందట. ఎవరో చెప్పారు."

"ఎవరు చెప్పార్రా?"

"ఎవరైతే ఏంటి, పోయేదేముంది?"

మునిగేవాడికి గడ్డిపోచ దొరికినా చాలు. లిఫ్టాయన స్క్రూలు విప్పి, డిస్కు బయటికి తీసి, పాలగిన్నె పక్కన పెట్టాడు. సాయంత్రం ఈత టీచరు పాలకోసం ఫ్రిజ్ తెరిచింది.

రెండు చప్పట్లు వినిపించాయి.

ఆయన వచ్చి నిలబడ్డాడు. చెప్పక తప్పదు కాబట్టి అంతా చెప్పాడు. ఆవిడ పలక మీద ‘మిగతా కాపీలు?’ అని రాసింది. ఆయన ఆవిడ చేతిలోని డిస్కునే వేలితో చూపించాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి.

ఆవిడ డిస్కును అటూ ఇటూ తిప్పి చూసింది. మార్కరు మూత తీసింది. ఇక పడుతుంది నెత్తి మీద అక్షింతల వాన అనుకుని ఈయన తల వంచుకున్నాడు. ఆవిడ మూత పెట్టేసింది. డిస్కును ఆయన చేతిలో పెట్టి, పాలు కాచడానికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి తిట్టలేదు. మర్నాడూ తిట్టలేదు. పలక మీద ‘భోజనం’ అనీ, ‘తలుపు వెయ్యండి’ అనీ తప్ప ఇంకేం రాయలేదు. లిఫ్టాయన ఇన్నేళ్ళూ తిట్లు తిని బతికినవాడే. ఏ తిట్టు ఎంతసేపు నడుస్తుందో, ఎక్కడ చల్లారుతుందో ఆయనకు తెలుసు. ఈ నిశ్శబ్దం ఎక్కడ ఆగుతుందో తెలియలేదు. ఆవిడ గొంతు పోయినప్పుడు కూడా ఆయన ఇంతగా భయపడలేదు.

డిస్కును చేతిరుమాలులో చుట్టుకుని, పాడైన డిస్కుల నుంచి సమాచారం తీసే దుకాణానికి వెళ్ళాడు. అక్కడ ఒక అమ్మాయి భూతద్దం తగిలించుకుని కూర్చుంది.

"చప్పుడొచ్చాక మళ్ళీ ఆన్ చేశారా అంకుల్?"

"చేశాను."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదమ్మా."

"తట్టారా?"

"మెల్లగానే."

"ఫ్రిజ్‌లో పెట్టారా?"

లిఫ్టాయన రుమాలు మడతపెట్టుకున్నాడు. ఆ అమ్మాయి డిస్కును దీపం కిందికి జరుపుకుంది. ఎంతోమందిని చూసి ఉంటుంది.

"లోపల చదివే ముల్లు వంగి, డిస్కు మీద గీతలు పెట్టేసి ఉంటుంది. మీరు ఆన్ చేసిన కొద్దీ ఇంకా గీసి ఉంటుంది. ముల్లు మార్చి చూస్తాను. ఏదొస్తే అది. అందులో ఏముంది?"

"మా ఆవిడ గొంతు" అన్నాడాయన. ఆ అమ్మాయి మంచినీళ్ళిచ్చింది.

కొన్నాళ్ళకు రమ్మని కబురొచ్చింది. వెళ్ళేసరికి ఆ అమ్మాయి మొహం ఎటూ తేల్చకుండా ఉంది.

"మీ ‘భద్రం’ పోయింది అంకుల్. ‘మరీ భద్రం’ కూడా. మూడోది కూడా అంతే. సరిగ్గా గీతలు పడ్డచోటే ఉన్నాయి."

"మరి పిలిచావెందుకమ్మా?"

"మీరు చెత్తలో పారేసినవి ఉన్నాయి. తీసేసినా, వాటి మీద వేరేది ఎక్కనంతవరకు డిస్కులోనే ఉంటాయి. అవి పడిన చోట గీతల్లేవు. వింటారా?"

చెవులకు పెట్టుకునేవి ఇచ్చింది. ముందు కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత ఈత టీచరు.

"మళ్ళీ కదిలారా? కొయ్యబొమ్మలా కూర్చోలేరూ?" "ఏమండీ, మీ గురక కూడా ఎక్కుతోంది దీంట్లో." "ఎండ బాగా కాస్తోందని ఎవరికి చెప్పుకోవాలి, ఈ చీరలకా?" "నన్ను నవ్వించకండి, చెప్తున్నా... చచ్చానురా బాబూ, ఆపండి, ఆపండి!"

లిఫ్టాయన దుకాణంలో, కౌంటరు ముందు, పదిమంది చూస్తుండగా ఏడ్చాడు. దగ్గుల దగ్గర నుంచీ అన్నీ కాపీ చేయించుకున్నాడు. ఒక కాపీ బావమరిది ఇంట్లో పెట్టాడు. ఒకటి ఆస్పత్రిలో ఇచ్చాడు. ఒకటి జేబులో వేసుకున్నాడు. ఈసారి మూడు కొక్కేలు.

ఆస్పత్రి అమ్మాయి విని తల గోక్కుంది. "గొంతు తయారుచేయడానికి ఇవి సరిపోతాయి. కానీ ఒక చిక్కుంది. ఇందులో మేడమ్ మామూలుగా మాట్లాడిన ముక్క ఒక్కటీ లేదు, అన్నీ విసుగే. ఏం టైపు చేసినా అలాగే పలుకుతుంది. మంచినీళ్ళడిగినా దెబ్బలాడినట్టే ఉంటుంది. పర్వాలేదా?"

"మామూలుగా మాట్లాడటం అంటే అదేనమ్మా" అన్నాడు లిఫ్టాయన.

యంత్రం సిద్ధమైన రోజు దాన్ని తెచ్చి భోజనాల బల్ల మీద, ఆవిడ ముందు పెట్టాడు. బావమరిది కూడా వచ్చాడు, పిలవకుండానే. ఏ గొంతు దొరికిందో, ఎక్కడ దొరికిందో ఆవిడకు అప్పటికే చెప్పేశారు. ఈత టీచరు మెడలో ఈల సర్దుకుని, ఒక వేలితో నెమ్మదిగా టైపు చేసింది. చాలాసేపు చేసింది. ఆయన ఎదురుగా నిలబడ్డాడు, చేతులు కట్టుకుని.

ఆవిడ మీట నొక్కింది.

"మూడు కాపీలూ ఒకే డిస్కులోనా? బుద్ధుందా మీకు? మీరు లిఫ్టులు బాగుచేస్తుంటే జనం ఎలా బతికున్నారండీ? పాలపక్కన పెడతారా దాన్ని? ఆ సలహా ఇచ్చినవాడికైనా బుద్ధుండక్కర్లేదా?"

బావమరిది చెప్పులు వేసుకున్నాడు.

లిఫ్టాయన మాత్రం కదల్లేదు. ఆ గొంతులో ఆ మాట ఎక్కడ లేస్తుందో, ఎక్కడ కొడుతుందో, చివర ‘అండీ’ దగ్గర ఎలా సాగుతుందో అన్నీ ఉన్నాయి. కళ్ళు తుడుచుకుని కుర్చీ లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది.

"ఇంకోసారి నొక్కవే" అన్నాడు.

ఆవిడ నొక్కింది.