పన్నెండు నెలలూ సీజనే

కాపలావాడు బూటుకాలితో ఒక్క తన్ను తన్నాడు. మా వదిన కంచె బయట ఎండబెట్టిన చేపలన్నీ ఇసుకపాలయ్యాయి. మూడు రోజుల కష్టం! వదిన వంగి ఏరుకుంటుంటే ఎవడో టూరిస్టు నవ్వుతూ ఫోటో తీసుకున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"సీజన్‌లో ఒడ్డుకి రామని సంతకాలు పెట్టారుగా?" అన్నాడు ఒడ్డున హోటల్ కట్టిన కాంట్రాక్టరు తాపీగా.

పెట్టాం. బుద్ధి గడ్డి తిని పెట్టాం. సీజనంటే టూరిస్టులొచ్చే చలికాలం నాలుగు నెలలే అనుకున్నాం. సముద్రం మీద బతికేవాళ్లం, ఏ కాలమైనా వచ్చి పోయేదేనని మా నమ్మకం. కాగితం మీద నెలలు రాయించాలని ఒక్కడికీ తోచలేదు. మొన్న బోర్డు పెట్టాడు: "చెక్కుచెదరని తీరం. ఎండైనా వానైనా రండి. పన్నెండు నెలలూ సీజనే!" వెంటనే కంచె వేశాడు. పడవలు లోపల, మేం బయట.

చెక్కుచెదరలేదట! ఇన్నాళ్లూ కాచిందెవరు, వీడి తాతా?

సాయంత్రం వలల పాకలో అందరం చేరాం.

"పెద్దోళ్లతో మనకెందుకు? వేరే రేవు చూసుకుందాం," అన్నాడు పడవల పెద్ద.

"అక్కడా బోర్డు పెడతాడు మావయ్యా," అంది వదిన.

"మా ఆయనకి హోటల్లో పనిస్తానన్నాడు," అని గొణిగింది ఒకావిడ. "ఇరవై మందికి ఇస్తాడట."

"ఇరవై మందికే ఎందుకో తెలుసా? లాగుడు వలకి నలభై మంది కావాలి. సగం మందిని వాడు తీసుకుపోతే మిగతా సగం ఏం లాగుతాం, గాలా? రేపు మనమే పడవలు వాడికి అమ్ముకుంటాం. తెలీట్లేదా?" అంది వదిన.

ఆవిడ తల దించుకుంది. తర్వాత, "ఆయన్ని నేను పంపను," అంది.

తెల్లారగానే వల తాడు తీసుకెళ్లి కంచె స్తంభాలకి బిగించాం. నలభై మందిమీ ఇసుకలో మడమలు తన్ని పట్టి లాగాం. మొదటి స్తంభం ఊగింది, వంగింది, పెళ్లున ఊడొచ్చింది. దాని వెనకే ఆరు పడ్డాయి. నాకైతే ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

పోలీసులు దిగారు.

"ముందు తాడు పట్టిందెవరు?" అని గద్దించాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే," అంది వదిన. జుట్టు పట్టి జీపులోకి తోశారు. ఆడవాళ్లు గొల్లుమన్నారు.

జీపు కదులుతుంటే వదిన తల బయటికి పెట్టి అరిచింది: "ఏడుస్తారేంటే? అటువైపు ఇంకా పదకొండు స్తంభాలున్నాయి!"

పడవల పెద్ద అరచేతుల్లో ఉమ్మేసుకుని తాడు అందుకున్నాడు.