నీలం రాని చుక్క

"కుండీలన్నీ తీసెయ్యమ్మా" అని డాబా మీంచి కొడుకు వేసిన కేక ఏ మెట్టు దగ్గర కాలు జారిందో గానీ, మేడగదిలో ఉన్న తల్లి చెవికి "గుండీలన్నీ తీసెయ్యమ్మా" అని చేరింది. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి ఆవిడ. దండెం మీద ఆరుతున్న కొడుకు చొక్కాలు మూడూ ఒళ్లో వేసుకుని, కత్తెర పుచ్చుకుని, మెడ నుంచి అంచుదాకా ఒక్కటి మిగల్చకుండా కోసేసింది.

కొడుకు దిగొచ్చి చూసి, నోరు కూడా గుండీ పెట్టని చొక్కాలాగే తెరుచుకుని నిలబడ్డాడు.

"ఇదేంటమ్మా?"

"నువ్వేగా తీసెయ్యమన్నావు. డాబా పనికి అడ్డమొస్తాయి కాబోలు అనుకున్నా."

"నేనన్నది కుండీలమ్మా. డాబా మీది పూలకుండీలు."

"అదా. నా చెవులకీ వయసొచ్చింది నాన్నా. కాస్త విడమరిచి చెప్పాలి."

విడమరచడానికి చొక్కాల్లో ఇంకేం మిగల్లేదు. తన బట్టల పని ఎవరి చేతా చేయించుకోవడం అతనికి పడదు కనుక, సూదీ దారం పట్టుకుని కింద గదిలో కూర్చున్నాడు. ఇరవై ఒక్క గుండీలు. పూర్తయ్యేసరికి గంటన్నర. ఈలోగా కుండీల సంగతి తను చూస్తానని భార్య మేడెక్కింది. దిగొచ్చి, "పక్కవీధివాళ్లకి ఇచ్చేశాం. ఇంక మీ డాబా మీ ఇష్టం" అంది.

వీధిలో అతన్ని అందరూ టేపుగారంటారు. కొలిచే టేపు లేకుండా గుమ్మం దాటడు. కొత్తవాళ్లు కనిపిస్తే పేరు అడిగేలోగా పొడవు అంచనా వేసేస్తాడు. ఏటా వానలు నెలరోజుల్లో ఉన్నాయనగా ఇంటిమీద పడతాడు. తూముల్లో ఆకులు తీస్తాడు, తలుపు బందులకి నూనె పోస్తాడు, కిటికీ సందుల్లో లప్పం కూరతాడు. ఈ ఏడు మాత్రం అతని దిగులంతా మేడగది శ్లాబు మీదే. తల్లి పెంచుకున్న కుండీల తడికే అది పగిలిందని, అవి ఇంట్లోనే ఉండకూడదన్నాడు.

పోయిన వానాకాలం తల్లి మంచం మీద నీళ్లు కారాయి. ఆవిడ రెండు నెలలు దగ్గింది. అప్పుడే తేల్చి చెప్పాడు. "వచ్చే ఏడు ఒక్క చుక్క పడిందా, నువ్వు కింద వంటింటి పక్క గదిలోకి దిగాల్సిందే."

ఆ గదికి కిటికీ ఉంది, కానీ దాని ఎదురుగా గోడ తప్ప మరేమీ లేదు. మేడగది కిటికీలోంచైతే వీధి ఈ కొస నుంచి ఆ కొసదాకా కనిపిస్తుంది. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారో ఆవిడకి పేపరు రాకముందే తెలుసు. "ఆ గదిలో పడేస్తే నాకు వార్తలు ఆగిపోతాయిరా" అని అప్పుడే మొత్తుకుంది.

అందుకే ఈసారి పని గట్టిగా చేయించాలని తాపీమేస్త్రిని పిలిచాడు. పేరుకు తగ్గట్టే తాపీగా వచ్చాడు, తాపీగా పగుళ్లు చెక్కాడు, తాపీగా సిమెంటు నింపాడు. పైన రెండు పూతలు నీరు దిగని మందు వేశాడు. ఆరాక డాబా తూములకి గుడ్డలు బిగించి, చీలమండ లోతు నీళ్లు నిలబెట్టాడు. "మూడు రోజులు చుక్క దిగకపోతే, మూడేళ్లు హాయిగా పడుకోండి బాబుగారూ."

మొదటి రోజు గడిచింది. రెండోరోజు గడిచింది. మూడోరోజు పొద్దున టేపుగారు గదిలోకి అడుగు పెట్టగానే, అటక అంచు నుంచి ఒక చుక్క మంచం మీద పడింది. పోయినేడు కారిన చోటే. అటకకేమో తెర, తెర వెనక పాత పెట్టెలు. తెర మీద చెయ్యి వెయ్యబోయాడు.

"బొద్దింకలున్నాయిరా అక్కడ" అంది తల్లి.

చెయ్యి వెనక్కి వచ్చేసింది. అంగుళం బొద్దింకకి ఆరడుగుల మనిషి ఆరడుగులూ భయపడతాడు.

"పెట్టెలు చూడక్కర్లేదులే. శ్లాబే" అన్నాడు.

తల్లి లేచింది. కళ్లజోడు, మందులసంచి, రెండు చీరలు మంచం మీద ఒక్కొక్కటే పెట్టుకోవడం మొదలుపెట్టింది. కిటికీ వైపు తిరగనేలేదు. అది చూసి అతనికి తన మాటని తనే టేపుతో కొలిచి, బారెడు కత్తిరించేయాలనిపించింది.

"ఆగండమ్మగారూ" అన్నాడు మేస్త్రి గుమ్మంలో. "నా పని మీద నాకు నమ్మకముంది. నీలిమందు ఉందా ఇంట్లో?"

భార్య బట్టలకి వాడే నీలిమందు సీసా తెచ్చిచ్చింది. మేస్త్రి దాన్ని డాబా మీది నీళ్లలో ఒంపి, చీపురుతో కలిపాడు. డాబా మీదికి ఆకాశం దిగినట్టు నీళ్లు నీలంగా మారాయి. మంచం మీద తెల్ల తువ్వాలు పరిచారు.

"పైనీళ్లే దిగితే, రేప్పొద్దునకి మరక నీలంగా ఉంటుంది" అన్నాడు.

మర్నాడు పొద్దున నలుగురూ తువ్వాలు చుట్టూ చేరారు. చుక్క పడింది. ఇంకోటి పడింది. నీలం లేదు సరికదా, లేత మట్టిరంగు. మేస్త్రి వేలితో అద్ది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"బాబుగారూ, ఈ నీళ్లు మనవి కావు. వీటికి గులాబీమొక్క వాసనేస్తోంది."

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. టేపుగారు బొద్దింకల్ని తలుచుకుని కళ్లు మూసుకుని, తెర లాగేశాడు. కళ్లు తెరిచేసరికి పెట్టెల ముందు వరసగా గులాబీలు, మందారాలు, ఒక నిమ్మమొక్క, మొత్తం ఆరు కుండీలు. ఒక్కోదాని కింద ఒక మూకుడు. గులాబీ కింద మూకుడుకి అడ్డంగా పగులు.

"రోజూ చీకటుండగానే స్టూలెక్కి నీళ్లు పోశా" అంది తల్లి, నెమ్మదిగా. "కారేది శ్లాబేననుకున్నాను గానీ, నా మూకుడని నాకేం తెలుసు?"

"నిన్నట్నుంచీ పగులంతా నా నెత్తిన వేశారు" అన్నాడు మేస్త్రి. "పగిలింది మూకుడా?"

ముందు నవ్వింది కోడలే. ఆ నవ్వు మేస్త్రికంటుకుంది, అతన్నుంచి టేపుగారికి. నవ్వీ నవ్వీ నడుం పట్టుకుంటే, కొత్తగా కుట్టిన గుండీ ఒకటి ఎగిరి అటక కింద పడింది.

"పక్కవీధికి ఇచ్చేశామన్నావు" అన్నాడు భార్యతో.

"అత్తయ్య మొహం చూసి ఇవ్వలేకపోయానండీ. కిందనుంచి నేనందించాను, స్టూలెక్కి ఆవిడ సర్దారు."

"నేనింట్లో ఉండగానే? ఎప్పుడు?"

"మీరు గుండీలు కుట్టుకుంటున్నప్పుడు."

టేపుగారికి నవ్వు ఆగిపోయింది. చొక్కా వైపు చూసుకుని, తల్లి వైపు చూశాడు.

"అమ్మా. ఆ రోజు నీకు నిజంగా గుండీలనే వినిపించిందా?"

"నా చెవులకేంరా, ఎదురింటివాళ్లు గుసగుసలాడుకున్నా వినిపిస్తుంది. నువ్వన్నది కుండీలనే. కాకపోతే వాటిని దాచడానికి మాకో గంటన్నర కావాలి. నిన్నంతసేపు కదలకుండా కూర్చోబెట్టాలంటే వేరే దారి కనిపించలేదు." మంచం మీది చీరలు మళ్లీ దండెం మీద వేస్తూ అడిగింది. "ఇప్పుడు చెప్పు. ఎవర్ని దించుతావు, నన్నా, కుండీలనా?"

"కుండీలనే" అన్నాడు, ఈసారి ఒక్కో అక్షరం విడమరిచి. "దించి, డాబా మీద ఇటుకల దిమ్మెలు కట్టించి వాటిమీద పెట్టిస్తా."

మేస్త్రి అప్పటికే టేపు అడుగుతున్నాడు.