తెల్ల లెన్సు వాటా

మనిషి గుమ్మమంత పొడుగు, పేరు మాత్రం బుల్లి. చిన్నప్పుడు అన్నయ్య పెట్టిన ముద్దుపేరు నలభై ఆరేళ్లు వచ్చినా ఆమెను వదల్లేదు. ఆ అన్నయ్యా, బుల్లి మొగుడూ కలిసి పద్దెనిమిదేళ్లుగా ఒక ఫోటో స్టూడియో నడుపుతున్నారు. పెళ్లిళ్లు, బడిపిల్లల గ్రూపు ఫోటోలు, ఆఫీసుల్లో వీడ్కోలు సభలు, ఏదైనా ఇద్దరూ కలిసే వెళ్లేవారు. తిరిగొచ్చి సంచులు బల్ల మీద పడేసి సోఫాలో కూలబడేవారు. వెనకగదిలో బుల్లి పని అప్పుడు మొదలయ్యేది.

ముందు రబ్బరు బుడ్డితో గాలి ఊది దుమ్ము లేపాలి. తర్వాత మెత్తటి బ్రష్షు. ఆ తర్వాతే గుడ్డ. దుమ్ము పోకుండా గుడ్డ పెట్టి రుద్దితే లెన్సును గరుకు కాగితంతో తోమినట్టేనని ఇద్దరికీ చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పి పుట్టింది. వాళ్లు మాత్రం చొక్కా అంచుతోనే తుడిచేవారు. శుభ్రం చేసినవాటిని గాజు తలుపుల పెట్టెలో పెట్టేది. లోపలికి తేమ చేరనివ్వని పెట్టె అది. దాని మీది తేమ చూపే ముల్లు నలభై అయిదు దగ్గరే ఉందా అని పొద్దునా సాయంత్రం చూసుకోవడం ఆమెకు అలవాటు.

బావలిద్దరికీ చెడింది ఒక పెళ్లిలో. పెళ్లికూతురు హాల్లోకి అడుగుపెడుతుంటే బుల్లి మొగుడు ఎడమ నుంచీ, అన్నయ్య కుడి నుంచీ ఒకే చోటికి దూకారు. అన్నయ్య తీసిన ఫోటోలో సగం మేర మొగుడి బట్టతల, మొగుడు తీసిన దాంట్లో అన్నయ్య మోచెయ్యి. మూడో ఫోటో లేదు. పెళ్లివారు ఆల్బమ్ తిరగేసి, "ఇంతకీ ఈ గుండు ఎవరిదండీ?" అని మర్యాదగానే అడిగి వెళ్లారు.

"నిన్ను ఎడమ పక్క ఉండమన్నానా లేదా బావా?" అన్నాడు అన్నయ్య.

"నేను ఎడమ పక్కే ఉన్నాను. నువ్వే మీదికొచ్చి పడ్డావు."

అక్కడితో ఆగలేదు. పద్దెనిమిదేళ్లలో ఎవరెప్పుడు ఎక్కడ అడ్డొచ్చారో అంతా బయటికొచ్చింది. వారం తిరక్కుండా విడిపోవడం ఖాయమైంది. స్టూడియో గది అన్నయ్యకు, పక్కవీధిలో ఖాళీగా ఉన్న గది మొగుడికి. లైట్లూ స్టాండ్లూ చెరిసగం. కెమెరాలు రెండు కాబట్టి ఎవరు వాడేది వాళ్లకే. పేచీ అంతా లెన్సుల దగ్గర వచ్చింది.

"నువ్వే పంచు బుల్లీ, నీకు మేమిద్దరం ఒకటే," అన్నాడు అన్నయ్య.

"అదే నేనూ అంటున్నా," అన్నాడు మొగుడు, అప్పటిదాకా ఒక్క మాటా అనకుండానే.

బుల్లి బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి అయిదు లెన్సులూ వరసగా నిలబెట్టింది. ఒక్కోదాని మంచీ చెడ్డా చెప్పసాగింది.

"ఇది ముప్పై అయిదు ఎం.ఎం. లెన్సు. అంచు సొట్టపోయింది, ఫోటోకేం కాదు. గ్రూపు ఫోటోలకి ఇదే ఉండాలి. ఇది యాభై, వెలుతురు లేని హాల్లో ఆదుకుంటుంది. ఎనభై అయిదు, ముఖాలకి. ఈ చిన్న జూము కిందికి వంచితే దానంతటదే జారిపోతుంది, చెయ్యి పట్టుకునే ఉండాలి."

వినేవాళ్లెవరు? ఇద్దరి చూపూ అయిదోదాని మీదే ఉంది. మోచేతంత పొడుగున్న తెల్ల జూము లెన్సు అది. హాలు చివర నిలబడి కూడా వేదిక మీది మనిషి కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు.

"తెల్లది నాది," అన్నాడు అన్నయ్య. "నాలుగు షాపులు తిరిగి, ఒక్కోటీ బిగించి చూసి ఎంచింది నేను."

"ఎంచావు సరే, పదేళ్లుగా మోసిందెవరు? నా భుజాన్ని అడుగు, చెబుతుంది."

బుల్లి గొంతులో ఎనిమిది నెలలుగా అడ్డం పడి ఉన్న మాట ఒకటుంది. ఆరుబయట జరిగిన ఒక సభలో వాన పడి ఆ లెన్సు తడిసింది. తడిపింది మొగుడు. తడి సంచిని మూడు రోజులు కారు డిక్కీలో వదిలేసింది అన్నయ్య. నెల తర్వాత తుడుస్తుంటే లోపలి అద్దం అంచున సాలెపురుగు కాలంత సన్నటి పోగు కనిపించింది. బూజు. మిగతావాటికి అంటకుండా దాన్ని వేరే డబ్బాలో పెట్టింది, పొద్దుటెండ చూపించింది. పోగు పెరగడం తగ్గింది కానీ పోలేదు. చెబితే తడిపిందెవరన్న మాట వస్తుంది, ఇద్దరికీ చెడుతుంది. అందుకే నోరు కట్టుకుంది. తీరా చూస్తే ఒక గుండు చాలింది.

టార్చి వెలిగించి లెన్సు వెనక పెట్టింది. "చూడండి."

అన్నయ్య చూశాడు. మొగుడు చూశాడు. మళ్లీ అన్నయ్య చూశాడు.

"వానలో బయటికి తియ్యొద్దని అప్పుడే అన్నాను."

"తడిస్తే ఆరేది. డిక్కీలో మగ్గబెట్టిందెవరు?"

కాసేపు అలా సాగాక ఇద్దరూ నెమ్మదించారు. అన్నయ్య గొంతు సవరించుకుని, "పోనీలే బావా, అంత మోజు పడ్డావు, నువ్వే ఉంచుకో," అన్నాడు.

"అబ్బే, ఎంచినవాడివి నువ్వు. నీకే న్యాయం."

నెల రోజుల్లో వాళ్లు మర్యాదగా మాట్లాడుకున్నది అదొక్కటే.

"ఇద్దరికీ వద్దా?" అంది బుల్లి. "అయితే నాకు. ఆ పెట్టె కూడా."

"నువ్వేం చేసుకుంటావే?" అన్నాడు అన్నయ్య.

"బాగు చేయించుకుంటా."

ఆ బరువు పెట్టెను ఎవరు మోయాలా అని ఇద్దరికీ బెంగగానే ఉంది కాబట్టి ఎవరూ కాదనలేదు. ఎనభై అయిదూ ముప్పై అయిదూ మొగుడికి, చిన్న జూమూ యాభయ్యీ అన్నయ్యకి వెళ్లాయి.

మర్నాడు ఆమె రెండు బస్సులు మారి ఒక ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్లింది.

"ఇచ్చి వెళ్లండమ్మా, ఇక్కడెవరూ కూర్చోరు," అన్నాడాయన.

"నేను కూర్చుంటాను," అంది.

మధ్యాహ్నమంతా ఎదురుగా కూర్చుంది. మరలు ఊడదీసిన వరసలోనే మూతల్లో వేస్తుంటే, ఏది దేనిదో మనసులో చెప్పుకుంది. పదేళ్లుగా పైన తుడిచిందే కానీ లోపలేముందో చూడటం అదే మొదలు. అద్దాలు ఒక్కొక్కటే బయటికొచ్చి గుడ్డ మీద కూర్చున్నాయి. ఆయన పోగు తుడిచేసి, "అద్దం మీది పూతని బూజు కొంచెం తినేసింది. సన్నటి మచ్చ ఉంటుంది. దీపానికి ఎదురుగా పెట్టి తీయకపోతే కనబడదు," అన్నాడు. మళ్లీ బిగించబోతుంటే, "ఒక్క నిమిషం ఆగండి," అని ఆమె ఇంకాసేపు చూసింది. ఎందుకో తెలీదు, చూడాలనిపించింది.

వానాకాలం వచ్చింది. ముందుగా అన్నయ్యే వచ్చాడు. బడిలో ఆటలపోటీలున్నాయి, తెల్ల లెన్సు కావాలి.

"తీసుకెళ్లు. తడిస్తే పొడిగుడ్డతో అద్ది తేవాలి. సంచిలో మూసి పెట్టకూడదు."

"నాకే చెబుతున్నావా?"

"నీకే."

అన్నయ్య మూతి ముడుచుకుని తీసుకెళ్లాడు. అదే రోజున మొగుడికీ ఒక సభ ఉంది. పెట్టె తెరిచి చూస్తే చోటు ఖాళీ.

"మనింట్లో లెన్సు నాకు లేదా?"

"ముందడిగింది అన్నయ్య."

"నేను మొగుణ్ణి."

"కాదన్నానా? లెన్సు లేదన్నాను."

ఆయన ఎనభై అయిదే తగిలించుకుని వెళ్లాడు. దూరం నుంచి కుదరక వేదిక ముందే తిరిగి తీశాడు. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే ప్రతి ముఖంలోనూ చెవి కత్తిలా స్పష్టంగా ఉంది, కళ్లు మసకగా ఉన్నాయి.

"లెన్సు పాడైంది," అన్నాడు.

"లెన్సుకేం కాలేదు. కెమెరా ఇలా ఇవ్వండి."

పాత పేపరు ఒకటి బల్లకు ఏటవాలుగా అతికించింది. మధ్య వరసలో ఒక అక్షరం చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. ఆయన చేతికి లైటిచ్చి పక్కన నిలబెట్టింది. ఫోటో తీసి, పెద్దది చేసి చూసి, కెమెరాలో ఫోకస్ సరిచేసే అంకె ఒకటి మార్చి, మళ్లీ తీసింది.

"ఇదెవరు నేర్పారు నీకు?"

"ఎవరూ నేర్పలేదు. ఈ లెన్సు ఎప్పుడూ అన్నయ్య కెమెరాకే ఉండేది, దాంట్లో సరిచేసి పెట్టాను. మీ కెమెరాకి ఇది కొత్త."

ఆయన లైటు ఇంకో చేతికి మార్చుకున్నాడు. తర్వాత, "మరి మీ అన్నయ్య తీసుకెళ్లిన చిన్న జూము? అది ఎప్పుడూ నా దానికే కదా," అన్నాడు.

"దానికీ అంతే. అన్నయ్య ఇంకా చూసుకోలేదేమో."

"రేపు తెల్లది ఇవ్వడానికి వచ్చేటప్పుడు కెమెరా కూడా తెమ్మను."

"మీరే ఫోన్ చెయ్యొచ్చుగా."

ఆయన చేతిలోని లైటు పక్కకి వాలింది.

"కదపకండి," అంది బుల్లి, మళ్లీ కన్ను ఆనించి. ఏడో ఫోటోలో సున్నా చుట్టిన అక్షరం నల్లగా, అంచులతో సహా కుదురుగా వచ్చింది.